చలమయ్య భుజం

“బయటికి రాయే డాక్టరమ్మా! మా నాన్న సెయ్యి ఇరిసీసి ఇంట్లో దాక్కున్నావేటి?”

సన్నీ గుమ్మం దాటలేదు. దాటి ఉంటే బాగుండేది. లోపలికొచ్చి అరిస్తే అది ఇంటి గొడవ. వీధిలో నిలబడి అరిస్తే జాలారిపేట మొత్తం గొడవ. ఆదివారం సాయంత్రం నాలుగైంది. వేట నిషేధం ఆఖరి రోజులు. మగాళ్ళందరూ ఇళ్ళ ముందు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఇక వినేవాళ్ళకి కరువా?

సూర్యకళ ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపి బయటికొచ్చింది. రేపు ఉద్యోగంలో చేరడానికి కొన్న కొత్త కుర్తా సగం ఇస్త్రీతో మంచం మీదే ఉండిపోయింది.

“ఏటైంది బావా? మావయ్యకేటైంది?”

“నన్నడుగుతావేటి?” సన్నీ ఫోన్ తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. “పెద్ద సదువు సదివినావు కదా. నువ్వే సూసి సెప్పు.”

ఎక్స్‌రే. సన్నీ తండ్రి చలమయ్య ఎడమ భుజం. చేతి పై ఎముకకి, భుజం కీలుకి కాస్త కింద, అడ్డంగా ఒక గీత. పక్షవాతం వచ్చి చచ్చుబడ్డ చెయ్యి అది. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే వెళ్ళి, పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు పట్టుకుని, తను వ్యాయామం చేయిస్తున్న చెయ్యి.

“ఇదెలగ? మంచం మీంచి పడిపోయినారేటి?”

“పడలేదు. మంచమే దిగలేదు. శుక్రారం పొద్దున నువ్వొచ్చి ఎక్సర్‌సైజ్ సేయించినావు. సాయంత్రానికి భుజం ఇంత వాసిపోయినాది. రేత్రల్లా మూలుగుతానే ఉన్నాడు. నిన్నంతా నీ అయిపూ లేదు, జాడా లేదు.”

“నిన్న ఆఫీసులో సర్టిఫికెట్లు సూపించడానికి రుషికొండ ఎల్లినాను. అత్తకి సెప్పే ఎల్లినాను.”

“ఆఁ, ఎల్తావు. ఇరిసీసినోళ్ళు ఆగుతారేటి?”

వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్న గురువులు లేచి నిలబడ్డాడు. కూతుర్ని అంత మాట అంటే ఏ తండ్రైనా చొక్కా పట్టుకుంటాడు. కానీ గురువులు ఇరవై రెండేళ్ళుగా చలమయ్య బోటు మీద వల లాగే కళాసీ. ఎదురుగా ఉన్నవాడు చలమయ్య కొడుకు. అందుకే చెయ్యి లేవలేదు, గొంతూ లేవలేదు.

“ఒరే సన్నీ, లోపలికొచ్చి మాటాడరా నాయనా. మీ నాన్న నాకు బావ కాదేటి? నా గుంట కావాలని సేత్తాదేటి?”

“మావా, నీ మీద నాకు కోపం లేదు. రేపు పొద్దున ఏడింటికి పెద్దలు కూకుంటారు. ఎల్లాజీ తాతకి సెప్పీసినాను. నీ కూతురు అక్కడికొచ్చి తప్పైపోయిందని ఒప్పుకోవాలి. ఇంక ఈ పేటలో ఎవుల్నీ ముట్టుకోనని అందరి ముందూ సెప్పాలి. సెప్పిందా, బుదారం నువ్వు బోటెక్కు. లేదంటే ఏరే బోటు సూసుకో.”

సన్నీ బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో అందరూ వలల్లోకి తలలు దించుకున్నారు. ఆ తలలు దించుకోవడమే సూర్యకళని ఎక్కువ బాధపెట్టింది.

* * *

ఫిజియోథెరపీ చదివిన పిల్ల చివరికి ఏమవుతుందన్న ప్రశ్నకి ఆ ఇంట్లో నలుగురివీ నాలుగు జవాబులు.

గురువులుకి కూతురు డాక్టరే. గోడమీద బోర్డు రాయించడమే తరువాయి. ఆయన భార్య చిట్టెమ్మకి అది పరాయి మగాళ్ళ కాళ్ళూ చేతులూ పిసికే పని, పెళ్ళి కావలసిన పిల్ల చెయ్యాల్సింది కాదు. ఇక నూకాలు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవిడ గురువులు తల్లి. నలభై ఏళ్ళుగా ఈ తీరంలో ఎవరి మడమ బెణికినా, ఎవరి భుజం గూడ జారినా ఆవిడ చేతిలో పెట్టాల్సిందే. మనవరాలు తన పనికే ఇంగ్లీషు పేరు నేర్చుకొచ్చిందని ఆవిడ నమ్మకం.

నాలుగో జవాబు సూర్యకళది. ఈ పేటలోనే ఒక చిన్న గది. అందులో ఒక బల్ల, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కడ్డీలు. వేటలో నడుం పట్టేసిన వాళ్ళు, మోకాళ్ళరిగిన చేపల బుట్టల ఆడవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు తన దగ్గరికి నడిచి రావాలి, నడిచి వెళ్ళాలి. అంతే ఆమె కోరిక. చూడబోతే పెద్ద కోరికేం కాదు.

నాలుగున్నరేళ్ళు చదివి బయటికొచ్చాక తెలిసింది అదెంత పెద్దదో. పెద్దాసుపత్రులవాళ్ళు రెండేళ్ళు అనుభవం ఉందా అన్నారు. చిన్నాసుపత్రులవాళ్ళు ఆటో ఛార్జీలకి చాలని జీతం ఇస్తాం, రిసెప్షన్ కూడా చూసుకోమన్నారు. క్లాసులో అందరికంటే తెలివైన సుమంత్ ఇప్పుడు ఎంవీపీ కాలనీలో జిమ్ ట్రైనరు. స్నేహితురాలు ధనశ్రీ మెడికల్ కోడింగ్‌లో చేరిపోయింది. ఎక్కడో పై దేశపు ఆసుపత్రుల కాగితాలు చూసి రోగాలకి కంప్యూటర్లో నంబర్లు వేసే పని. ఏసీ ఉంటుంది, క్యాబ్ వస్తుంది, రోగి మాత్రం ఉండడు. ధనశ్రీ చెప్పబట్టే సూర్యకళకీ అక్కడ ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే చలమయ్య మావయ్యని చూసుకుని, తర్వాత ఆఫీసుకెళ్ళి, ఏడాది తిరిగేసరికి గది తీసుకుందామని ఆమె లెక్క వేసుకుంది.

“సెప్పినాను కదే, ముందే సెప్పినాను!” చిట్టెమ్మ తలుపు గడియ పెట్టి మరీ మొదలెట్టింది. “ఎవులికి సేసినా సేపల బోట్లోళ్ళకి సెయ్యొద్దని సెప్పినాను. బాగైతే దేముడు సేసినాడంటారు. బాగోపోతే నువ్వు సేసినావంటారు.”

“నాను సెయ్యలేదమ్మా.”

“నువ్వు కాపోతే గాలి సేసిందేటి?”

“శుక్రవారం నాను భుజాన్ని లాగలేదు, తిప్పలేదు. సేతి ఏళ్ళు ఆడించినాను, మణికట్టు తిప్పినాను, మళ్ళీ పట్టీ కట్టీసి వచ్చినాను. ఆ భుజం పట్టుకుని ఎవురూ లాగొద్దని మొదటి రోజే సెప్పినాను. గోడమీద రాసి అంటించినాను కూడాను.”

“నీ రాత సదివేదెవులే ఆ ఇంట్లో?”

గురువులు మంచం పట్టె మీద కూర్చుని తల పట్టుకున్నాడు. “మరి ఎలగిరిగినాదే అమ్మా? ఊరికే ఇరుగుద్దేటి ఎముక?”

“ఇరగదు నాన్నా. ఎవురో లాగినారు. గట్టిగా లాగినారు.”

ఇంత గొడవ జరుగుతుంటే నూకాలు నోరు విప్పలేదు. అదీ వింత. మనవరాల్ని ఎవరైనా మాటంటే వీధి కొసదాకా తరిమే మనిషి. సన్నీ అంత అరిచినా గోడకి జేరబడి, రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదని సూర్యకళకి అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె వెళ్ళి నూకాలు ఎదురుగా కూర్చుంది.

“మామ్మా. శుక్రవారం మజ్జాన్నం నువ్వెక్కడికెల్లినావు?”



“మా అత్తనేటే అడుగుతావు? ముసిల్దాన్ని లాగకు,” అంది చిట్టెమ్మ. కానీ ఆ మాటలో బెదురుంది. చిట్టెమ్మకి తెలుసు. తెలిసే ఇందాకట్నుంచీ అరుస్తోంది.

“మామ్మా, నిన్నే అడుగుతన్నాను.”

“సన్నీ అమ్మ గురువమ్మ పిలిసినాది,” అంది నూకాలు నేల చూస్తూ. “బుదారం బోట్లు దిగుతాయి. యజమాని రెండు సేతుల్తో బోటుకి పసుపు పుయ్యాలి కదే. మొగుడి సెయ్యి లెగటం లేదు. నీ మనవరాలు ఆర్నెల్లంటంది, నువ్వోసారి సూడు పిన్నీ అన్నాది. ఎల్లినాను.”

“ఎల్లి?”

“సెయ్యేసి సూసినాను. భుజం ఎముక్కీ గూడకీ మజ్జిన సందు. నా సేతి ఏళ్ళు రెండు దూరినాయే అందులో! గూడ జారిపోయినాదే సూరీడూ. మూడు నెల్లుగా జారిన గూడతో మనిషిని పడుకోబెట్టినారు. నీకు తెల్దు, సిన్నపిల్లవి అనుకున్నాను. నీకు సెడ్డపేరొచ్చీ లోపల ఎక్కించీద్దామనుకున్నాను.”

సూర్యకళ రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

“కిందన కూకుని, సంకలో కాలెట్టి లాగినాను. అలలకి పడిపోయి గూడ జారినోళ్ళకి ఎన్ని ఎక్కించలేదు నాను! మీ నాన్నకి ఎక్కించినాను. ఆ సలమయ్యకే కుర్రప్పుడు కుడి గూడ ఎక్కించినాను. టక్కుమన్నాది. ఎక్కిందనుకున్నాను.”

“అది ఎక్కిన సప్పుడు కాదు మామ్మా. ఎముక ఇరిగిన సప్పుడు.”



“అది జారిన గూడ కాదు,” అంది సూర్యకళ. “పక్షవాతంలో కండకి పట్టు పోద్ది. సెయ్యి బరువుకి భుజం కిందికి యేలాడతాది. అందుకే సందు. కండకి బలమొస్తే దానంతట అదే పైకొస్తాది. మూడు నెల్లు కదలని ఎముక గుల్లైపోయుంటాది. నువ్వు దాన్ని... ఒక్క మాట నన్నడగొచ్చు కదా మామ్మా! నీ సెయ్యి సూసే కదా నాను ఈ సదువు సదివినాను!”

కొంగు కిందనుంచి నూకాలు చేతులు బయటికి తీసింది. వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

* * *

చలమయ్య ఇల్లు వెనక వీధిలో. సూర్యకళ వెళ్ళేసరికి సన్నీ లేడు. బోటులోకి ఐసు మాట్లాడుకోవడానికి హార్బర్‌కి వెళ్ళాడు.

చలమయ్య మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఆసుపత్రిలో ఎడమ చేతిని ఒంటికి కట్టేశారు. పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలిన మాట ఒక్కటే. ఆకలైనా, కోపమొచ్చినా, మనవణ్ణి పిలిచినా ఆ మాటే.

“అదే... అదే...” అన్నాడు సూర్యకళని చూసి. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి.

“నొప్పుందా మావయ్యా?”

చలమయ్య తల అడ్డంగా ఊపాడు. అబద్ధం. తర్వాత, ఎవరూ అడక్కుండానే, కట్టు చివర బయటికున్న ఎడమచేతి బొటనవేలు వైపు కళ్ళతో చూపించాడు. వేలు కదిలింది. కొంచెమే. గోరంత. పోయిన ఆదివారం మొట్టమొదటిసారి కదిలినప్పుడు సూర్యకళ ఈ ఇంట్లో గెంతులేసింది. ఇవాళ గెంతలేదు. మంచం పక్కన కూర్చుని ఆ వేలిని పట్టుకుని ఏడ్చింది. కోర్సు మొత్తంలో ఎవరూ ఆమెకింత గొప్ప మార్కులు వెయ్యలేదు.

గురువమ్మ ఆమెని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

“నీకు తెలిసిపోయినాదేటి?”

“తెలిసింది అత్తా. మామ్మని పిలిసింది నువ్వే.”

“మెల్లగా మాటాడు.” గురువమ్మ వంటింటి తలుపు దగ్గరికేసింది. “తప్పు నాదేనే. ఏటి సెయ్యమంటావు? యజమాని సెయ్యి పడకుండా బోటు దిగితే ఆ ఏడు కలిసిరాదంటారు. సన్నీగాడు పూస్తానంటన్నాడు. తండ్రి బతికుండగా కొడుకు పూస్తే ఈయన సచ్చిపోయినట్టు లెక్క కాదేటి? ఈయన మంచం మీద ఇంటానే ఉన్నాడు. ఆ రోజంతా అన్నం తిన్లేదు. నాను సూడలేకపోయినాను.”

సూర్యకళకి కోపం రావలసిన చోట జాలి వచ్చింది. తనమీద తనకే విసుగేసింది.

“సరే. మరి రేపు పెద్దల ముందు ఈ మాటే సెప్పు అత్తా. నువ్వు పిలిసినావని, మామ్మ గూడ జారిందనుకుందని. కావాలని ఎవురూ సెయ్యలేదని.”

గురువమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

“నాను సెప్పలేనే. సన్నీ సంగతి నీకు తెల్దు. తండ్రి సెయ్యి నానే ఇరగ్గొట్టించినానని తెలిస్తే నా మొహం సూస్తాడేటి? ఈ మనిషిని నాతో ఉంచుతాడేటి? మీ మామ్మ మాటేటి? ఈ వయసులో పెద్దల ముందు నిలబెడతావేటి? నలభై ఏళ్ళ పేరు పోద్ది. రేపట్నుంచి ఆ ముసిల్దాని గుమ్మం ఎవులు తొక్కుతారు?”

“నా గుమ్మం ఎవులు తొక్కుతారు అత్తా మరి?”

“నీకేటే!” గురువమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. నిజంగా ప్రేమగానే పట్టుకుంది, అదే ఘోరం. “నువ్వు సదూకున్నావు. రేపట్నుంచి క్యాబులో ఎల్లి ఏసీలో కూకుంటావు. మీ అమ్మ సెప్పినాది. అక్కడ నీకు సేతులూ కాళ్ళతో పనేటి? నువ్వొక్క మాట ఒప్పీసుకున్నావంటే ఇద్దరు ముసిలాళ్ళం బతికిపోతాం. నీకు పొయ్యేదేటున్నాది?”

తనకి పోయేదేమిటో చెప్పడానికి సూర్యకళ నోరు తెరిచింది. అప్పటికే ముందుగదిలోంచి చలమయ్య “అదే... అదే... అదే...” అంటూ కుడిచేత్తో మంచంకోడు కొడుతున్నాడు. తలుపు మూస్తే మాత్రం వినపడదా? ఆయనకి మాటే పోయింది, చెవులు కాదు.

* * *

ఆమె ఇంటికొచ్చేసరికి చిట్టెమ్మ కుర్తాకి మిగతా సగం ఇస్త్రీ చేసి, మడతపెట్టి, సంచిలో సర్దేసింది.

“గురువమ్మ వదిన ఫోన్ సేసినాది,” అంది కూతురి వైపు చూడకుండా. “ఆవిడ సెప్పినట్టు సేసీ. ఏడింటికి పెద్దల కాడ ఒక మాట. ఎనిమిదిన్నరకి ఉషోదయ జంక్షన్‌లో క్యాబ్ ఎక్కీ. నెల తిరిగీసరికి అందరూ మర్సిపోతారు.”

“ఎవురూ మర్సిపోరమ్మా. మామ్మ ఎప్పుడో ఇరవయ్యేళ్ళ కింద కట్టిన కట్టు సంగతి ఇప్పటికీ సెప్పుకుంటారు. నాను ఇరిసీసిన సెయ్యి మర్సిపోతారేటి?”

“మర్సిపోకపోతే మానీ. ఇంక నువ్వా పని సెయ్యవు కదా!”

“సేత్తాను.”

“ఏటీ?”

“నాను సదివింది ఇదే. సేత్తాను. కోడింగ్‌కి ఎల్లినా పొద్దున్నా సాయంత్రం ఇదే సేత్తాను. ఈ పేటలో సెయ్యకపోతే ఎక్కడ సెయ్యను? ఎవులికి నాను తెలుసు? మొదటి మనిషి సెయ్యే ఇరిసీసినానని నా నోటితో నానే సెప్తే, ఇంక ఈ తీరంలో ఎవుడు నా సేతిలో సెయ్యెడతాడు?”

చిట్టెమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. “అయితే ఎల్లి మీ మామ్మని పట్టించు! ఎల్లు! సిన్నప్పుడు జొరమొస్తే రేత్రీ పగలూ ఒళ్ళో ఎట్టుకుని కూకుంది, దాన్ని పట్టించు. మీ నాన్న బోటు పోనీ. ఈ వయసులో ఎవులెక్కించుకుంటారు ఆయన్ని? నీ బల్లా నీ ఇనప కడ్డీలూ ఉంటే సాలు!”

అంతవరకూ మాట్లాడని గురువులు అప్పుడు లేచొచ్చాడు. కూతురి ముందు నిలబడ్డాడు. ఆయన ఆమెనెప్పుడూ ఏదీ అడగలేదు. సీటు వచ్చినప్పుడు సముద్రం మీద ఉన్నాడు. ఒడ్డుకొచ్చి, చేపల వాసన చేతుల్తోనే కాలేజీ ఫారం మీద సంతకం పెట్టాడు.

“ఒప్పీసుకో అమ్మా,” అన్నాడు. “నా కోసం.”

సూర్యకళ అవునూ అనలేదు, కాదూ అనలేదు. వాళ్ళు అవునన్నట్టే తీసుకున్నారు. ఆ ఇంట్లో ఆడపిల్ల మౌనానికి ఎప్పుడూ ఒకటే అర్థం.

నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని అందరికీ తెలుసు.

* * *

పొద్దున్న ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. గంగమ్మ గుడి ముందు రేకుల పందిరి కింద పెద్దలు నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. చుట్టూ జనం. సన్నీ పట్టుబట్టి తండ్రిని కూడా ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కన గురువమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

సూర్యకళ కొత్త కుర్తాలో ఉంది. ఇక్కణ్ణుంచి ఇటే వెళ్ళిపోవాలని చిట్టెమ్మ బలవంతాన వేయించింది. ధనశ్రీ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

పెద్దల్లో పెద్ద ఎల్లాజీకి డెబ్బై దాటాయి. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం ఇంజను చప్పుడు మీద కూడా వినిపించే గొంతు.

“ఏటమ్మా, సన్నీ సెప్పింది నిజమేనేటి?”

“తాతా, నా గుంట ఒప్పుకుంటాది,” చిట్టెమ్మ ముందుకొచ్చేసింది. “తెలీక జరిగినాది. సదివినా సిన్నపిల్లే కదా. ఇంక ఎవుల్నీ ముట్టుకోదు. ఇవాళే ఉజ్జోగంలో సేరతన్నాది...”

“నువ్వాగు.” ఎల్లాజీ చెయ్యెత్తాడు. “ఒరే, బిందె తెండి.”

ఇద్దరు మనుషులు ఒడ్డు నుంచి ఇత్తడి బిందెతో సముద్రం నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టారు. ఎల్లాజీ అందులో పసుపు వేసి, వేపరెమ్మ వేశాడు. చిట్టెమ్మ మొహం పాలిపోయింది.

“ఒప్పీసుకుంటాదన్నాను కదా తాతా. ప్రమాణమెందుకు?”

“ఒప్పుకున్నా ప్రమాణమే, కాదన్నా ప్రమాణమే. ఒకళ్ళ తప్పు ఇంకొకళ్ళు నెత్తినేసుకోడం నాను ఈ పందిట్లో సూసినాను. గంగమ్మ నీళ్ళలో సెయ్యెట్టి ఏది సెప్తే అదే మాట.”

అక్కడున్న అందరికీ తెలిసిన సంగతి అది. ఆ నీళ్ళలో చెయ్యిపెట్టి అబద్ధమాడితే, ఆ ఇంటినుంచి వేటకెళ్ళిన మనిషిని సముద్రం తిరిగి ఇవ్వదు. నమ్ముతావా అని కాలేజీలో ఎవరైనా అడిగి ఉంటే సూర్యకళ నవ్వేసేది. ఇక్కడ, పసుపునీళ్ళ ముందు నిలబడి, ఆమెకి నవ్వు రాలేదు. ఆమె ఇంటినుంచి వేటకెళ్ళేది ఒక్కడే.

ఆమె తండ్రివైపు చూసింది. ఒప్పేసుకోమన్న మనిషే. ఇప్పుడు గురువులు పెదాలు తడారిపోయాయి. బిందెని చూస్తున్నాడు. కూతుర్ని చూస్తున్నాడు. ఒప్పుకోమనీ అనలేడు, వద్దనీ అనలేడు.

సూర్యకళ వంగి, కొత్త కుర్తా చెయ్యి పైకి మడిచి, బిందెలో చెయ్యి పెట్టింది.

“నాను మావయ్య భుజం లాగలేదు. మూడు నెల్లలో ఒక్కసారీ లాగలేదు. గంగమ్మ మీద ప్రమాణం.”

జనంలో గోల లేచింది. సన్నీ కుర్చీ తన్నాడు. “మరెవులు లాగినారే? దెయ్యం లాగిందేటి?”

“అది నాను సెప్పను. నన్నడిగింది నా సంగతి. సెప్పినాను.” ఆమె ఆగలేదు. “ఇంకోటి కూడా ఇనండి. మావయ్యకి ఎముక అతుక్కోడానికి ఆరువారాలు పడతాది. తర్వాత మళ్ళీ మొదట్నుంచీ సేయించాలి. ఎవులొద్దన్నా నానొస్తాను. తలుపేసుకుంటే గుమ్మంలో కూకుంటాను.”

“అదే!” అన్నాడు చలమయ్య గట్టిగా.

ఎల్లాజీ చాలా నెమ్మదిగా అన్నాడు, అంత గొంతు ఉన్న మనిషి. “ఈ పేటలో భుజం పట్టి లాగే సేతులు ఇద్దరివే. ఒకలు ప్రమాణం సేసినారు.”

అందరి తలలూ ఒక్కవైపే తిరిగాయి. నూకాలు వైపు.

సూర్యకళ బిందెలోంచి చెయ్యి తియ్యబోయింది. ఈ క్షణం ఆమెకి ముందే తెలుసు. నిజం చెప్పడమంటే మామ్మని పట్టివ్వడమేనని తెలిసే చెప్పింది.  మామ్మా, ఒప్పేసుకో, గూడ జారిందనుకున్నానని చెప్పెయ్, ఎవరూ నిన్నేమీ అనరు, నేను పక్కనే ఉంటాను. ఇదంతా కళ్ళతో చెప్పాలని చూసింది.

నూకాలు లేచింది. ఎవరి ఆసరా అడగలేదు. జనం దారిచ్చారు. వచ్చి బిందె ముందు కూర్చుని, ఒకసారి గురువమ్మని చూసింది. గురువమ్మ కొంగుతో మొహం మొత్తం కప్పేసుకుంది. తర్వాత కొడుకుని చూసింది. చివరికి మనవరాల్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

సూర్యకళ చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. పక్కనే నూకాలు చెయ్యి దిగింది. ముడతలు పడ్డ చెయ్యి. వేళ్ళు వేళ్ళకి తగిలాయి. వణుకుతుందనుకుంది సూర్యకళ. వణకలేదు.

“సెప్పు నూకాలూ,” అన్నాడు ఎల్లాజీ. “సలమయ్య భుజం నువ్వు లాగినావా?”

నూకాలు గొంతు సవరించుకుంది. పందిరి మొత్తానికీ వినిపించేటట్టు చెప్పింది.

“నానూ లాగలేదు. గంగమ్మ మీద ప్రమాణం.”

 సన్నీకి, పెద్దలకి అది ఒక జవాబు. నిజం తెలిసిన ఆరుగురికీ అది గంగమ్మ నీళ్ళలో ఆడిన అబద్ధం.

గురువులు జనాన్ని తోసుకుంటూ బిందె దగ్గరికొచ్చాడు. తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు సముద్రం మీద బతికిన మనిషి గొంతు పిల్లాడి గొంతైపోయింది.

“అమ్మా... ఎల్లుండి బోటెక్కేది నానే కదే.”

నూకాలు నీళ్ళలోంచి చెయ్యి తియ్యలేదు.